థార్న్‌బీ గారి వంటింటికి కిటికీ

మేం కాపురమున్న ఇల్లు చూడ్డానికి ఈమధ్య మేమే టికెట్లు కొనుక్కుని వెళ్ళాం. కౌంటర్ దగ్గర సీనియర్లకూ విద్యార్థులకూ తగ్గింపు అని బోర్డు ఉంది. ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి అంట్లు తోమినవాళ్ళ గురించి బోర్డులో ఏమీ రాయలేదు. అమ్మా నాన్నా ఇప్పుడు టెక్సస్‌లో, కాపెల్‌లో ఉంటున్నారు. నేను చికాగోలో ఉంటున్నాను. నా దగ్గర కొన్నాళ్ళు ఉండడానికి వచ్చినప్పుడు నాన్నే మొదలుపెట్టాడు, "ఎలాగూ ఇంతదూరం వచ్చాం, ఒకసారి ఇంటికెళ్ళి చూసొద్దాం" అని. అమ్మ వేరుశనక్కాయలు వలుస్తూ "ఎవరింటికి?" అంది. తెలియక అడిగిన మాట కాదది. పొద్దున్నే బయల్దేరి, మొక్కజొన్న చేల మధ్యనుంచి డ్రైవ్ చేసి, నది దాటి మేం చేరేసరికి మా పాత పోర్టికోలో జనం గుంపుగా నిలబడి ఉన్నారు. మెడలో బ్యాడ్జి వేసుకున్న గైడమ్మాయి అందరికీ బూట్ల మీద తొడుక్కునే నీలం సంచులు పంచుతోంది. అమ్మ అలవాటు కొద్దీ గుమ్మం ముందే బూట్లు విప్పేసింది. "మేడమ్, బూట్లు వేసుకునే రండి, సేఫ్టీ కోసం" అంది ఆ అమ్మాయి. చెప్పులతో లోపలికి రమ్మని ఆ ఇంట్లోకి మమ్మల్ని పిలిచిన మొదటి మనిషి ఆమే. అమ్మ నావైపు చూసింది. నేను ఇంటి చూరువైపు చూశాను.

"ఈ ఇంటిని సృష్టించినవారు ఎల్లిస్ థార్న్‌బీ..." అని గైడమ్మాయి అందుకుంది. ఆ కథ నాకు కంఠతా వచ్చు. నా ఈడు తెలుగు పిల్లలు ఆదివారం పూట శ్లోకాలు నేర్చుకుంటుంటే, మా నాన్న నాకు థార్న్‌బీ జీవితచరిత్ర నేర్పాడు. గత శతాబ్దం మొదట్లో ఈ చుట్టుపక్కల పశువుల కొట్టాలు కట్టే వడ్రంగి కొడుకాయన. పెద్దగా చదువుకోకుండానే చికాగో వెళ్ళి ఒక ఘనమైన ఆర్కిటెక్టు దగ్గర గీతలు గీసే పనికి కుదిరాడు. మెట్ల పక్కన కటకటాలు ఎంత దగ్గరగా ఉండాలన్న విషయం మీద ఆ ఘనుడితో పోట్లాడి బయటికొచ్చేశాడు. తరవాత చేల మధ్య చిన్న చిన్న ఊళ్ళలో బ్యాంకులూ, లైబ్రరీలూ, డబ్బున్నవాళ్ళకు ఇళ్ళూ కట్టాడు. అన్నీ నేలకు అతుక్కుని పడుకున్నట్టుండే ఇళ్ళు. ఎలా బతకాలో మనుషులకు ఇల్లే నేర్పాలన్నది ఆయన సిద్ధాంతం. ఇల్లు అప్పజెప్పేశాక కూడా చెప్పాపెట్టకుండా వచ్చి, ఆ ఇంటివాళ్ళు జరిపిన పూలకుండీని మళ్ళీ తను పెట్టిన చోట పెట్టి వెళ్ళేవాడట. మనిషి పొట్టి, అందుకని ఆయన గదుల కప్పులూ పొట్టివే. యుద్ధం తరవాత జనానికి తెల్ల స్తంభాల ఇళ్ళ మీద మోజు పుట్టింది. ఈయన్ను పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. చివరి రోజుల్లో పెట్రోలు బంకులకు ప్లాన్లు గీసి, ఒక అద్దె గదిలో, ఎవరో కట్టిన కప్పు కింద పోయాడు. ఆ తరవాత చాలా కాలానికి లోకం ఆయన్ను మళ్ళీ కనిపెట్టింది. బతికుండగా కొత్త గోడ కట్టమని అడగని ఊరు, పోయాక ఆయన గోడలోంచి ఒక్క మేకు పీకనివ్వలేదు. ఆ మనిషి మీద నాకు జాలి ఉంది. ఆయన వంటింట్లో మా అమ్మ ఇరుక్కోకపోయి ఉంటే ఇంకాస్త ఉండేది.

మేం ఆ ఊరు వచ్చింది నాన్న ఉద్యోగం కోసం. యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీలో పాత ప్రోగ్రాములు చెడిపోకుండా చూడడం ఆయన పని. ఆ ఊళ్ళో ఉన్న కాసిని తెలుగు కుటుంబాలూ ఊరి చివర చేలు చదును చేసి కట్టిన కొత్త ఇళ్ళు కొనుక్కున్నాయి. అవి తూర్పు చూస్తుంటాయి, గాలీ వెలుతురూ వస్తాయి, ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలియక పిల్లలు పక్కింట్లోకి వెళ్ళిపోతుంటారు. నాన్న మాత్రం ఒక శనివారం నది ఒడ్డున నడకకు వెళ్ళి, థార్న్‌బీ ఇల్లు చూసి, మనసు పారేసుకుని తిరిగొచ్చాడు. పాతదీ, ఎవరూ కొననిదీ కాబట్టి చవగ్గానే వచ్చింది. ఎందుకు ఎవరూ కొనడంలేదని అమ్మ అడిగితే, "వీళ్ళకి టేస్టు లేదు సుభద్రా" అన్నాడు. ఇంటికి వీధి గుమ్మమన్నదే లేదు. థార్న్‌బీ గారికి గుమ్మాలు బయటికి కనపడడం నచ్చదు గనక దాన్ని పక్కగోడలో, పోర్టికో చివర దాచాడు. వ్రతానికి పిలిచినవాళ్ళు ప్రసాదం కంటే ముందు ఇంటి చుట్టూ ప్రదక్షిణం పూర్తిచేసి, తలుపు దొరక్క ఫోన్ చేసేవాళ్ళు. లోపలికొచ్చాక గోడకు బిగించేసిన పొడవాటి చెక్కబల్ల మీద అందరూ ఒకే వరసలో, రైలు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చునేవాళ్ళు. ఎదురెదురుగా కూర్చుంటే జనం పనికిమాలిన కబుర్లు చెప్పుకుంటారని థార్న్‌బీ అభిప్రాయమట. ఆ విషయంలో మా చుట్టాల గురించీ స్నేహితుల గురించీ ఆయన పొరపాటు పడలేదు.

నాన్న ఆ ఇంటిని ఎందుకంత ప్రేమించాడో నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు కొంత అర్థమై, ఆ మేరకు చిరాకు ఎక్కువైంది. ఆఫీసులో ఆయన్ను ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కారు, ఏదైనా ఆగిపోతే తప్ప. వీసా పొడిగింపు వచ్చేవరకూ ఏటా ఇంట్లో కొత్త సోఫా మాట కూడా ఎత్తేవాళ్ళం కాదు. అలాంటి మనిషి దగ్గరికి శనాదివారాల్లో కెమెరాలు వేలాడేసుకున్న తెల్లవాళ్ళు వచ్చి, "సర్, ఈ చెక్క ఏ జాతిది? ఈ మూల ఇలా ఎందుకు మడిచారు?" అని వినయంగా అడిగేవాళ్ళు. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని చెప్పేవాడు. మమ్మల్ని ఎప్పుడైనా పంపించేయొచ్చు, ఆ ఇంటిని మాత్రం చట్టప్రకారం ఎవరూ ఒక్క అంగుళం కదపలేరు. అలాంటి దాన్ని పట్టుకుని నిలబడితే తను కూడా కదలడనుకున్నాడేమో. ఈ మాట ఎప్పుడూ పైకి అనలేదు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో గది గదీ తిరుగుతూ, ఇంటివాళ్ళను లేపినట్టు ప్రతి దూలాన్నీ వేళ్ళతో తట్టేవాడు. మమ్మల్ని లేపే పని అమ్మదే.

ఇక వంటిల్లు. థార్న్‌బీ పెళ్ళి చేసుకోలేదు, హోటళ్ళలో తిన్నాడు, వంట వాసన పడేది కాదు. వంటచేసేది జీతానికొచ్చే మనిషే అన్న లెక్కలో ఆ గదిని ఇంటి వెనక మూలన పెట్టి, దానికి ఒక్క కిటికీ కూడా పెట్టలేదు. "బయటికి చూస్తూ పని మరిచిపోకుండా. కాన్సన్‌ట్రేషన్ కోసం" అని నాన్న వివరించాడు. "నాకు కాన్సన్‌ట్రేషన్ ఉంది. ఊపిరే లేదు" అంది అమ్మ. పొయ్యి వెనక గోడకు అవతలే కోట్లు తగిలించుకునే అర ఉండేది. చలికాలం పొయ్యి వేడికి కోట్లు వెచ్చబడాలని ఆ గోడలో ఇనప జాలీ పెట్టాడు మహానుభావుడు. దాన్ని ఆయన ప్రతిభకు పరాకాష్ఠ అని పుస్తకాల్లో రాశారు. పప్పులో ఇంగువ తాలింపు వేసే ఇంట్లో ఆ ప్రతిభ ఎలా పనిచేస్తుందో పుస్తకాలు రాసినవాళ్ళకు తెలిసే అవకాశం లేదు. నవంబరు నుంచి మార్చి దాకా స్కూల్లోకి నా కంటే ముందు నా కోటు వచ్చేది. క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయి ఒకరోజు చాలా మర్యాదగా, "మీ ఇంట్లో రోజూ ఏమైనా కాలిపోతుంటుందా?" అని అడిగింది. సాయంత్రం ఆ మాట అమ్మకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. అమ్మ పొయ్యి కట్టేసి, నా కోటు తీసుకెళ్ళి మంచులో తీగ మీద ఆరేసింది. అది కర్రలా బిగుసుకుపోయి, తరవాత ఇంట్లో కరిగి, తడి ఇంగువ వాసన వేసింది. మర్నాటి నుంచి అమ్మ తాలింపులూ వేపుళ్ళూ పోర్టికోలో, క్యాంపింగ్ స్టవ్ మీద మొదలుపెట్టింది. చీర మీద నాన్న పాత జాకెట్టు, కాళ్ళకు మంచు బూట్లు, చేతిలో గరిటె. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళ ఫోటోల్లో అమ్మ ఎన్నిటిలో ఉందో, ఇంటి కంటే బాగా పడిందో లేదో మాకు తెలియదు. ఒకసారి పొగ చూసి ఎవరో ఫైరింజనుకు ఫోన్ చేశారు. వచ్చినవాళ్ళు మిరపకాయ బజ్జీలు తిని, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఆ రోజు ఊళ్ళో జరిగిన ప్రమాదం అదొక్కటే.

అమ్మ అడిగింది ఒక్కటే, వంటింటి వెనకగోడకు ఒక కిటికీ. అడగాల్సింది ఊళ్ళో పాత ఇళ్ళను కాపాడే కమిటీని. దానికి అధ్యక్షురాలు మా ఎదురింటి మార్జరీ ఆంటీ. తెల్లజుట్టు, ఎప్పుడూ చేతిలో అల్లిక. నేను ఆంటీ అని పిలిచిన మొదటిసారి, తన చుట్టాల్లో మేం ఎవరమా అని కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. పండగలకు అమ్మ పంపిన పులిహోర గిన్నె అద్దంలా తుడిచి పంపేది. "సుభద్రా, నీ చేతిలో ఏదో మాయ ఉంది" అనేది. కమిటీలో కూర్చుని అదే నోటితో "థార్న్‌బీ ఉద్దేశానికి విరుద్ధం" అని కిటికీ కొట్టేసేది. ఒకసారి కిటికీ అద్దం కొత్తగా మెరుస్తుందన్నారు. ఇంకోసారి అద్దం పాతది తెస్తామంటే, లేని చోట పాత అద్దం పెట్టడం మోసమన్నారు. మా బాధ చెప్పుకోవడానికి లోపల మన మనిషంటూ ఉండాలని నాన్న తనే ఆ కమిటీలో చేరాడు. చేరాక వాళ్ళ బాధ మాకు చెప్పడం మొదలుపెట్టాడు.

"ఒక్క కిటికీ ఒప్పుకుంటే రేపు అందరూ అడుగుతారు సుభద్రా. ప్రిన్సిపుల్ అన్నది ఒకటుంటుంది."

"ఈ ఊళ్ళో ఇంకెవరి వంటిల్లు కిటికీ లేకుండా ఉందండీ, అందరూ అడగడానికి?"

"అది కాదు. ఆయన ఆ గోడ అలా కట్టాడంటే ఏదో ఆలోచించి ఉంటాడు."

"ఆలోచించాడు. నేనొస్తానని ఆలోచించలేదు."

మా ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు, నాన్నా, థార్న్‌బీ. అమ్మ ఇద్దరినీ "ఆయన" అనే అనేది. ఏ ఆయనో తిట్టు బరువును బట్టి తెలిసేది. చచ్చిపోయినాయనకే కాస్త తేలిగ్గా పడేవి.

చివరికి విసుగెత్తో, పులిహోర పనిచేసో, కమిటీ మెత్తబడింది. వెనకగోడ వీధికి కనపడదు కాబట్టి అది అంత ముఖ్యమైన గోడ కాదనీ, వచ్చే సమావేశంలో కిటికీ ఒప్పుకోవచ్చనీ మార్జరీ ఆంటీ అల్లిక మీంచి తలెత్తకుండానే చెప్పింది. ఆ రోజు అమ్మ పొయ్యి పక్క గోడ మీద టేపుతో కిటికీ ఆకారం అతికించింది. దాని ముందు నిలబడి కూరగాయలు తరిగేది. ఉత్త గోడే, కానీ అప్పుడప్పుడూ తలెత్తి అందులోంచి చూసేది. నాన్న ఆ టేపు వల్ల గోడ రంగు ఊడుతుందేమోనని చూసేవాడు.

అప్పుడొచ్చాడు ప్రొఫెసరు. ఏదో యూనివర్సిటీలో థార్న్‌బీ మీద పెద్ద పుస్తకం రాస్తున్నాడు. మెత్తని మాట, మోచేతుల దగ్గర తోలు అతుకులున్న కోటు. ఇల్లంతా తిరిగి, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గుండెపోటేమోనని నాన్న మంచినీళ్ళకు పరిగెత్తాడు. ఆయన భూతద్దం పెట్టి ఓక్ చెక్క గడపను చూస్తున్నాడు. అమ్మ ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసి బొట్లు పెట్టేది. కుంకుమ చెరిగిపోయేది. పసుపు మాత్రం ఏళ్ళ తరబడి చెక్క నరాల్లోకి ఇంకిపోయి, తేనెకూ బంగారానికీ మధ్య రంగొకటి తేలింది. థార్న్‌బీ చివరి దశలో ఆసియా కళల వైపు మొగ్గాడని తనకెప్పటినుంచో అనుమానమనీ, ఈ పసుపు పూతే దానికి సాక్ష్యమనీ, ఇలాంటిది దేశంలో ఇంకెక్కడా లేదనీ ప్రొఫెసరు మోకాళ్ళ మీంచి లేవకుండానే చెప్పాడు. అమ్మ వంటింటి తలుపు దగ్గర నిలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నా గదిలోకెళ్ళి దిండులో మొహం పెట్టి నవ్వాను. నాన్న నవ్వలేదు. గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పెళ్ళి ఫోటోలో కూడా ఆ మొహంలో అంత వెలుగు లేదు.

నవ్వు ఆ వారం కూడా నిలవలేదు. ఆ పూత వల్ల ఇంటి హోదా పెరిగింది. ఇక నుంచి ముందుగోడా వెనకగోడా అన్న తేడా లేదు, ఏ గోడనూ ముట్టుకోకూడదని కమిటీ ప్రతిపాదన. అంటే కిటికీ మళ్ళీ పోయినట్టే. గడప మీదున్నది పసుపేనని తేలితే హోదా పోతుంది, కిటికీ వస్తుంది. అంతా అమ్మ నోట్లో మాట మీద ఆగింది. సమావేశానికి ముందు ఆదివారం మధ్యాహ్నం, నాన్న వంటింట్లోకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన ఆ గదిలో కూర్చోవడం నేను చూసిన మొదటిసారి అదే. పొగకు దగ్గు వచ్చింది కూడా.

"నువ్వేం అబద్ధం చెప్పక్కర్లేదు సుభద్రా. ఊరికే ఉండు, చాలు. మన ఇల్లు పుస్తకంలోకి ఎక్కుతుంది. పేరుతో సహా, మన పేరు."

"ఇన్నాళ్ళూ ఊరికేగా ఉన్నాను."

"ఈ ఒక్కసారికి."

"పిల్ల కోటు వాసన చూశారా ఎప్పుడైనా?"

నాన్న నావైపు చూశాడు. నేను కోటు అందించాను. ఆయన వాసన చూసి, "అంత ఏం లేదే" అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఆయన కోటుదీ అదే వాసన.

సమావేశం టౌన్ హాలు కింద నేలమాళిగలో. మడత కుర్చీలు, మాడిన కాఫీ వాసన, గోడ మీద పాత మేయర్ల ఫోటోలు. సొంత ఇంటి విషయం వచ్చినప్పుడు సభ్యుడు బల్ల దగ్గర కూర్చోకూడదని నియమం గనక నాన్న వచ్చి జనంలో, మా పక్కన కూర్చున్నాడు. అమ్మ గద్వాల చీర కట్టుకుంది. లేచి నిలబడి, ఇంట్లో అద్దం ముందు ప్రాక్టీసు చేసిన ఇంగ్లీషులో చెప్పింది: "సార్, దట్ ఈజ్ టర్మరిక్. ఐ ఓన్లీ పుట్. ఎవ్రీ ఫ్రైడే." సినిమాల్లో అయితే ఇక్కడ ఎవరో ఒకరు లేచి చప్పట్లు కొడతారు. ఇక్కడ కాఫీ మెషీను గురక పెట్టింది. ప్రొఫెసరు చాలా దయగా నవ్వి, అసలు పూత అడుగున ఉందనీ, దాని రంగు చూసి అమ్మకు తెలియకుండానే అదే రంగు రాయాలనిపించి ఉంటుందనీ, అది ఎంతో హృదయంగమమైన విషయమనీ, పుస్తకంలో ఒక పాదసూచిక రాస్తాననీ అన్నాడు. అమ్మ సంచీలోంచి వంట సోడా డబ్బా తీసింది. పసుపైతే దీనికి ఎర్రబడుతుంది, పారాణి ఎలా అవుతుందో మాకు తెలుసు, ఒక్క చిటికెడు వేసి చూపిస్తాను, ఇప్పుడే ఇంటికి రండి అంది. కమిటీలో ఒకాయన వెనక్కి జరిగాడు. రక్షణలో ఉన్న గడప మీద ఏదీ వేయకూడదట. గీకి పరీక్షకు పంపకూడదా అంటే, రక్షణలో ఉన్నదాన్ని గీకనూ కూడదట. అప్పుడు మార్జరీ ఆంటీ అల్లిక ఒళ్ళో పెట్టుకుని, నాన్నను సూటిగా అడిగింది: "ఇంటి యజమాని మీరు. మీ భార్య శుక్రవారాలు రాసేది ఆ రంగేనా?"

నాన్న లేచి నిలబడ్డాడు. "శుక్రవారాలు నేను ఆఫీసులో ఉంటాను" అన్నాడు.

అది అబద్ధం కాదు. ఈ రోజుకీ నన్ను మండించేది అదే. అబద్ధమైతే దాన్ని పట్టుకుని పోట్లాడొచ్చు. అమ్మ వంట సోడా డబ్బా మూత బిగించి, సంచీలో పెట్టుకుని కూర్చుంది. కిటికీ పోయింది, అడ్డం చెప్పడానికి లేచిన చెయ్యి ఒక్కటీ లేదు. బయటికొస్తుంటే మార్జరీ ఆంటీ అమ్మను కౌగిలించుకుని, ఈసారి పులిహోరలో జీడిపప్పు ఎక్కువ వేయమని అడిగింది. అమ్మ వేసింది కూడా. ఆ తరవాత వారమే, థార్న్‌బీ గారి పసుపును కాపాడడానికి ఇక గడపకు పసుపు రాయకూడదని ఉత్తరం వచ్చింది. రాయడం ఆపేసరికి ఎండకు ఆ రంగు కాస్తా వెలిసిపోయింది. దాన్ని ఎవరు పాడుచేశారని కమిటీ చాలా రోజులు బాధపడి, నిపుణుణ్ణి పిలిపించి పసుపు పెయింటు వేయించింది. ఆ పెయింటు చూసి నాన్న, "అచ్చం అలాగే ఉంది" అన్నాడు. అమ్మ వంటింట్లోకెళ్ళింది. టేపు ఊడదీసి, ఉండచుట్టి, చెత్తలో వేసింది. దానితోపాటు గోడ రంగు కొంచెం ఊడింది. నాన్న ఆ మచ్చను చూశాడుగానీ, ఆ ఒక్కసారి ఏమీ అనలేదు.

నేను కాలేజీకి వెళ్ళాక నాన్న ఉద్యోగం డల్లాస్‌కు మారింది. ఇంటిని ఊళ్ళో ఒక ట్రస్టు కొనుక్కుంది. కాపెల్‌లో అమ్మ వంటిల్లు మా పాత హాలంత ఉంటుంది. పొగ లాగే చిమ్నీ విమానం లేస్తున్నట్టు మోగుతుంది. కిటికీలకు లోటు లేదు. టెక్సస్ ఎండ పడలేక ఎప్పుడూ బ్లైండ్స్ దించే ఉంచుతుంది. ఇద్దరికీ కలిపి అరకప్పు పప్పు వేస్తే మర్నాటికి కూడా మిగులుతుంది. నాన్నకు డాక్టరు నూనె తగ్గించమన్నాక తాలింపన్నది పేరుకే. ఇప్పుడు నా కోటుకు ఏ వాసనా లేదు. ఆఫీసులో తెల్లమ్మాయిలు వీకెండ్ నేర్చుకున్న పప్పు డబ్బాల్లో తెచ్చి నాకు రుచి చూపిస్తారు, పసుపు ఒంటికి ఎంత మంచిదో నాకు చెప్తారు. నేను ఆశ్చర్యపోతాను. ఆశ్చర్యపోవడంలో నాకు మంచి ప్రాక్టీసుంది.

ఈ సోదంతా నేను తలుచుకుంటుండగా గైడమ్మాయి మమ్మల్ని హాలు దాటించి, కోట్ల అర దగ్గర ఆగి జాలీని పొగిడి, వంటింట్లోకి తీసుకెళ్ళింది. పొయ్యి లేదు. దాని చోట తాడు కట్టి, ఆ కాలం నాటి ఇనప పొయ్యి బొమ్మలాంటిదేదో పెట్టారు. పక్కన, వెనకగోడలో, కిటికీ ఉంది.

ఎవరూ కదలలేదంటే నాటకీయంగా ఉంటుంది. నిజానికి మా వెనక ఉన్నాయన మమ్మల్ని నెట్టుకుని ముందుకెళ్ళాడు. నాన్న గైడమ్మాయిని అడిగాడు, ఇది అసలు ప్లానులో లేదే, ఎప్పుడు పెట్టారని. ఆమె మొహం విప్పారింది. ఇంత శ్రద్ధగా చూసేవాళ్ళు అరుదట. ఈ గదిలో గుంపుగా నిలబడితే గాలి ఆడటంలేదని విజిటర్లు కంప్లయింట్ చేశారనీ, అందుకని కొన్నేళ్ళ కిందట ట్రస్టువాళ్ళు పెట్టించారనీ చెప్పింది.

"ఇక్కడ విజిటర్లు ఎంతసేపు ఉంటారు?" అని నేనడిగాను.

"ఐదారు నిమిషాలు. కానీ కొందరికి ఊపిరాడదు, పాపం."

"కమిటీ ఒప్పుకుందా?" నాన్న గొంతు పెరిగింది.

"వెంటనే. ఒక్కరూ కాదనలేదు. మీకు అభ్యంతరమైతే బయట సలహాల పెట్టె ఉంది, సర్."

నాన్న మెడ ఎర్రబడింది. గైడమ్మాయి ఆయన్ను థార్న్‌బీ భక్తుడనుకుని ఓదార్పుగా చూసి, మిగతావాళ్ళను భోజనాల గదిలోకి నడిపించింది. మేం ముగ్గురం మిగిలాం. నాన్న తెలుగులోకి మారి, గోడతో చెప్తున్నట్టు అన్నాడు: "నేను కమిటీలో ఉండగా ఈ మాట వచ్చుంటే..."

"మీరుండగానే వచ్చింది" అంది అమ్మ.

కోపం లేదు ఆ గొంతులో. బస్సు ఎన్నింటికని అడిగితే చెప్పినట్టు చెప్పింది. అమ్మ తాడు దాకా వెళ్ళి, మెడ సాచి చూసింది. అద్దానికి లోపలివైపు తెల్లటి పొర అతికించారు, ఎండకు చెక్క పాడవకుండా. వెలుతురు వస్తుంది, బయటేముందో కనపడదు. "తెరుచుకోదేమో" అంది. వెనక్కి తిరగబోయింది.

అప్పుడు మా నాన్న తాడు దాటాడు. ఆ ఇంట్లో దుమ్ము తుడవడానికి కూడా ముందు చేతులు కడుక్కునే మనిషి, నీలం సంచుల బూట్లతో తాడు దాటి, కిటికీ గడియ వెతికి, రెండు చేతులతో అద్దాన్ని పైకి తోశాడు. కిర్రుమంది. చలిగాలి లోపలికొచ్చింది. ఎత్తిన తలుపును నిలబెట్టే కొక్కెం దానికి లేదు, చేతులు వదిలితే పడిపోతుంది. కాబట్టి వదల్లేదు. గైడమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "సర్! అది ముట్టుకోకూడదు! సర్, ప్లీజ్!" నాన్న ఆమెవైపు చూడలేదు. "అయామ్ సారీ, వన్ మినిట్" అన్నాడు, ఏళ్ళ తరబడి మీటింగుల్లో అన్న గొంతుతోనే. తరవాత తల తిప్పి, "రా సుభద్రా" అన్నాడు.

అమ్మ తాడు కిందనుంచి వంగి వెళ్ళింది. ఆయన చేతుల కిందుగా తల పెట్టి బయటికి చూసింది. చేతులెత్తి నిలబడ్డ నాన్న, ఎవరో తుపాకీ చూపించినట్టున్నాడు. గైడమ్మాయి వాకీటాకీలో ఎవరినో పిలుస్తోంది. నేను ఇద్దరికీ మధ్య నిలబడి, ఆ అమ్మాయితో ఏదో ఒకటి చెప్పాలని వెతుకుతూ, ఏమీ దొరక్క, మొదటిసారి జోకు కూడా రాక, అలాగే ఉండిపోయాను.

"ఏం కనపడుతోంది?" అన్నాడు నాన్న. మోచేతులు వణుకుతున్నాయి.

"పక్కింటివాళ్ళ చెత్తడబ్బాలు."

"దించేయనా మరి?"

"ఉండండి" అంది అమ్మ. "ఇంకా చూస్తున్నాను."